ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు

ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. పెద్దగా శారీరక శ్రమ లేనివాళ్లలో రోజు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది. ఈ ఖర్చును పెంచడంలో, తగ్గించడంలో పెద్ద చెయ్యి థైరాయిడ్ గ్రంథిది. అది మితిమీరి పనిచేసే రోగులు విశ్రాంతిలోనూ ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటున్నారని జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ మాగ్నస్-లెవీ 1895లోనే కొలిచి చూపాడు.

గ్రంథి విడుదల చేసే హార్మోన్‌లో ఎక్కువ భాగం టీ4. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. కాలేయం, మూత్రపిండాల వంటి చోట్ల ఒకటి ఊడితే అది చురుకైన టీ3 అవుతుంది. టీ3 కణకేంద్రకంలోకి వెళ్లి జన్యువుల పనితీరు మారుస్తుంది. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కణపొరలోని సోడియం-పొటాషియం పంపులూ పెరుగుతాయి. ఒక్కో పంపు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. అలా చేసిన ప్రతిసారీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. కోట్లాది కణాల్లో క్షణక్షణం జరిగే ఈ పని వల్ల కూడా ఒంట్లో వేడి పుడుతుంది. అందుకే హార్మోన్ తగ్గినవాళ్లకు అందరికంటే ముందు చలి వేస్తుంది, నీరసం కమ్ముతుంది. అలాంటి మనిషిని బద్ధకస్తురాలని దెప్పడం ఎంత అన్యాయం! హార్మోన్ తగ్గినందువల్ల పెరిగే బరువు కూడా సాధారణంగా కొద్దిగానే. అందులో చాలావరకు ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరే.

కడుపు మాడ్చుకుని సన్నబడాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుకణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, టీ3 కూడా తగ్గుతుంది. కరువొచ్చిందనుకుని ఒళ్లు తన ఖర్చు తానే తగ్గించుకుంటుంది. మొదట్లో చకచకా తగ్గిన బరువు తర్వాత మొరాయించడానికి ఇదొక కారణం. హార్మోన్ లోపం లేనివాళ్లు సన్నబడాలని థైరాయిడ్ మాత్రలు మింగడం మరీ ప్రమాదం: గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

లోపం ఉన్నవాళ్లకు మాత్రం ఆ మాత్రే ఆధారం. దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ వెంటనే తాగితే మందు సరిగా ఒంటబట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్రలో ఉండే టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి రక్తపరీక్ష చేయించుకోవాలి.