తేమ సెన్సర్ లెక్కలు డేటాబేస్‌కి పంపడం, ఐదున్నర గంటల తేడాతో నేను పోగొట్టుకున్న నారు



పోయిన వీడియోలో మిరప నారు ట్రేలలో, ఆచ్ఛాదన వేసిన మళ్లలో తేమ సెన్సర్లు ఎలా పెట్టానో చూపించాను. ఆ సెన్సర్లు చెప్పే అంకెల్ని ఎక్కడ దాచుకోవాలి, ఫోన్‌లో గ్రాఫ్‌లాగా ఎలా చూసుకోవాలి అన్నది ఈసారి వీడియో. అందులో నా తప్పు గురించి గబగబా చెప్పేశాను. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

సెన్సర్ ఎందుకు, వేలు పెట్టి చూస్తే చాలదా అంటారు. నేను ఇప్పటికీ వేలు పెట్టి చూస్తాను. కానీ వాఫస అంటే మట్టి రేణువుల మధ్య నీరు నిలవకుండా గాలి, నీటి ఆవిరి కలిసి ఉండటం కదా. పొద్దున ఎంత తడి ఉంది, మధ్యాహ్నానికి ఎంత తగ్గింది, రాత్రి మళ్లీ ఏమైంది అన్నది వేలికి గుర్తుండదు. పది నిమిషాలకోసారి రాసిపెట్టేవాళ్లు కావాలి.

ఆ రాసిపెట్టే పుస్తకమే టైమ్ సిరీస్ డేటాబేస్. నేను వాడేది ఇన్‌ఫ్లక్స్‌డీబీ 2. పాల కేంద్రంలో రిజిస్టర్ గుర్తు తెచ్చుకోండి. పాల రిజిస్టర్ అన్నది పుస్తకం పేరు, దీన్ని మెజర్‌మెంట్ అంటారు. ఏ రైతు అన్నది ట్యాగ్. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అన్నవి ఫీల్డులు. ఏ పూట అన్నది టైమ్‌స్టాంప్. మన దగ్గర మెజర్‌మెంట్ 'తేమ', ట్యాగ్ 'నారు ట్రే' లేదా 'మడి', ఫీల్డు శాతం. కొలిచిన అంకెని పొరపాటున కూడా ట్యాగ్‌లో పెట్టకండి. ప్రతి కొత్త అంకెకీ కొత్త రైతు చేరినట్టు లెక్కేసుకుని డేటాబేస్ బరువెక్కిపోతుంది.

ఇక కలపడం. నా రాస్ప్‌బెర్రీ పైలో పైథాన్ ప్రోగ్రాం సెన్సర్ చదువుతుంది. డేటాబేస్ ఉన్నది వేరే చోట, అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌లో. ఈ రెండింటి మధ్య మాట్లాడేది క్లయింట్ లైబ్రరీ. పైథాన్‌కి దాని పేరు 'ఇన్‌ఫ్లక్స్‌డీబీ-క్లయింట్', పిప్‌తో వేసుకోవచ్చు. ఉత్త 'ఇన్‌ఫ్లక్స్‌డీబీ' అనే పాత లైబ్రరీ కూడా ఉంది, అది 1వ వెర్షన్ కోసం. దాన్ని వేసుకుని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

లైబ్రరీకి మనం చెప్పాల్సినవి నాలుగే: సర్వర్ అడ్రస్ (పోర్టు మామూలుగా 8086), టోకెన్, ఆర్గనైజేషన్ పేరు, బకెట్ పేరు. బకెట్ అంటే డేటా వేసే గాదె అనుకోండి. ఎన్నాళ్లు దాచాలో దానికి ముందే చెప్పొచ్చు, గడువు దాటిన గింజల్ని అదే పారేస్తుంది. టోకెన్ గాదె తాళంచెవి. దాన్ని ప్రోగ్రాంలో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టుకోండి. నేను మొదట తీసిన వీడియోలో టోకెన్ స్క్రీన్ మీద కనిపించింది. ఆ టోకెన్ తీసేసి కొత్తది చేసుకుని, వీడియో మళ్లీ తీయాల్సొచ్చింది.

లైబ్రరీ రెండు రకాలుగా రాయగలదు. ఒకటి, రీడింగులు పోగేసి కుప్పగా పంపడం. వేలకొద్దీ రీడింగులు వచ్చేచోట ఇదే బాగుంటుంది. కానీ పంపడంలో తప్పు జరిగితే మన ప్రోగ్రాం ఆగదు, దానికోసం విడిగా రాసుకోకపోతే మనకి తెలియను కూడా తెలియదు. పైగా కరెంటు పోతే కుప్పలో ఉన్నవి పోతాయి. రెండోది సింక్రొనస్, అంటే ఒక్కొక్కటి పంపి, అందిందో లేదో అక్కడే తెలుసుకోవడం. పది నిమిషాలకో అంకె పంపే మనకి రెండోదే సరి. నెట్ లేనప్పుడు ఎర్రర్ వస్తుంది. ఆ రీడింగుని కొలిచిన టైముతో సహా కార్డులో ఫైల్‌లో రాసుకుని, తర్వాత పంపుతాను.

ఆ టైము దగ్గరే దెబ్బతిన్నాను.

జూలైలో వానలు మొహం చాటేసిన రోజులు. పొద్దున ఆరున్నరకి ట్రేలకి నీళ్లు చల్లి, పక్క ఊళ్లో పెళ్లికి వెళ్లాను. పన్నెండున్నరకి అమ్మ ఫోన్ చేసి, "నారు మీద నీళ్లు చల్లమంటావా నాయనా, ఎండ గట్టిగా ఉంది" అంది. నేను ఫోన్‌లో గ్రాఫ్ చూశాను. 62 శాతం ఉంది. "వద్దమ్మా, తడి బాగానే ఉంది, ఎక్కువైతే నారు కుళ్లుద్ది" అన్నాను. మూడింటికి ఇంటికొచ్చేసరికి మూడు ట్రేలు తలలు వాల్చేసి ఉన్నాయి. సాయంత్రానికి రెండు తేరుకున్నాయి. 98 గళ్ల ట్రే ఒకటి పోయింది. అమ్మ ఏమీ అనలేదు. అదే కష్టంగా అనిపించింది.

మర్నాడు సెన్సర్ చెడిపోయిందేమో చూద్దామని సాయంత్రం నాలుగింటికి మట్టిలోంచి పీకి గాలిలో పెట్టాను. గ్రాఫ్ కదల్లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి సున్నాకి పడిపోయింది! నాలుక్కీ తొమ్మిదిన్నరకీ మధ్య ఐదున్నర గంటలు. మన టైముకీ యూటీసీకీ ఉన్న తేడా.

జరిగింది ఇది. ప్రోగ్రాంలో నేను 'డేట్‌టైమ్ నౌ' అని మన టైము తీసుకున్నాను, అది ఏ దేశపు టైమో చెప్పలేదు. చెప్పకపోతే లైబ్రరీ దాన్ని యూటీసీ అనుకుంటుంది. అంటే పొద్దున ఏడింటి రీడింగు, డేటాబేస్ లెక్కలో మన పన్నెండున్నర రీడింగు అయి కూర్చుంది. అసలు పన్నెండున్నర రీడింగు ఇంకా రాని సాయంత్రంలో ఉంది. గ్రాఫ్ 'ఇప్పటివరకు' ఉన్నవే అడుగుతుంది కాబట్టి ముందు టైము వేసినవి కనబడవు. నేను చూసిన 62 శాతం, నీళ్లు చల్లిన అరగంటకి ఉన్న తడి. మొదటి రోజు ఐదున్నర గంటలపాటు గ్రాఫ్ ఖాళీగా ఉంటే సర్వర్ నిదానం అనుకున్నాను. అప్పుడే అనుమానం రావాల్సింది.

సవరణ ఒక్క మాట: 'నౌ' బ్రాకెట్లో 'టైమ్‌జోన్ డాట్ యూటీసీ' అని రాయడం. ఒకసారి రాసిన టైమును డేటాబేస్‌లో దిద్దలేం, సరైన టైముతో మళ్లీ రాసి పాతది తీసేయాలి. నాది రెండు వారాల డేటాయే కాబట్టి బకెట్ తీసేసి కొత్తది పెట్టుకున్నాను.

అంతటితో అయిపోదు. నాది రాస్ప్‌బెర్రీ పై 3, దాంట్లో సొంత గడియారం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ లేకపోతే పాత టైమే నడుస్తుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం బోర్డు, దాని బటన్ బ్యాటరీతో సహా పెట్టాక ఆ బాధ తప్పింది.

ఇంకొకటి, ఫీల్డు మొదటిసారి ఏ రకంగా వెళ్తే అదే ఖాయం. మొదట 38 అని పూర్ణాంకం వెళ్లి, తర్వాత 38.5 వెళ్తే డేటాబేస్ తీసుకోదు, రకం కలవలేదంటుంది. ఎప్పుడూ ఫ్లోట్‌గా మార్చే పంపండి.

మీరు పెట్టుకున్నాక మొదటి రోజే నేను చేసిన పరీక్ష చేయండి. సెన్సర్ని మట్టిలోంచి పీకి, ఫోన్‌లో గ్రాఫ్ ఎంతసేపటికి పడుతుందో చూడండి. పది నిమిషాల్లో పడాలి. ఏడీఎస్1115 బోర్డు వైర్లు ఎక్కడ కలపాలో వీడియో రెండో సగంలో దగ్గరగా చూపించాను.