అనుమతి ముద్ర – ఆటగాని భవిష్యత్తు
(సైకిల్ పందెములు, సమాఖ్యల నిబంధనలు, రుసుములపై ఒక పరిశీలన)

క్రీడలనగానే మన కన్నుల ముందు మైదానము, క్రీడాకారులు, ప్రేక్షకుల కరతాళధ్వనులు మెదలును. కాని ఆ మైదానము వెనుక ఎక్కడనో ఒక బల్ల, ఆ బల్లపై ఒక దరఖాస్తు, ఒక రసీదు పుస్తకము, ఒక ముద్ర ఉండునను సంగతి మనలో చాలమందికి తోచదు. ఆ ముద్రను తెలుగులో అనుమతి అనినను, ఉర్దూలో ఇజాజత్ అనినను భావమొక్కటే. అది పడిన పోటీకి గుర్తింపు కలదు. పడని పోటీకి లేదు. అంతటితో ఆగిన చింత లేదు. ముద్ర పడని పోటీలో పాల్గొన్న క్రీడాకారునికి శిక్ష కూడ కలదు. ఈ శిక్ష న్యాయమా అను ప్రశ్నను సైకిల్ క్రీడ నూరేళ్లకు పైగా ఎదుర్కొనుచున్నది. ఆ చరిత్రను విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

అనుమతి అనగా నేమి?

సైకిల్ క్రీడకు ప్రపంచస్థాయిలో పెద్ద సంస్థ అంతర్జాతీయ సైక్లింగ్ సంఘము. ఇది 1900లో పారిస్ నగరమున స్థాపింపబడినది. ఈ సంఘము ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క జాతీయ సమాఖ్యను మాత్రమే గుర్తించును. మన దేశమునకు 1946లో ఏర్పడిన భారత సైక్లింగ్ సమాఖ్య అట్టిది. పందెము నిర్వహింపదలచిన సంస్థ తన దేశపు సమాఖ్యకు దరఖాస్తు పెట్టుకొని రుసుము చెల్లించవలెను. సమాఖ్య తేదీని పట్టికలో చేర్చును, న్యాయనిర్ణేతలను పంపును, బీమా ఏర్పాటు చూచును. పాల్గొనువారు కూడ సమాఖ్య వద్ద లైసెన్సు పొందవలెను.

ఈ ఏర్పాటు నిరర్థకమని ఎవరును అనజాలరు. రహదారిపై యాభైమంది యువకులు ఒకరి చక్రమునకు ఒకరి చక్రము ఆనించినట్లు గంటకు నలభై కిలోమీటర్ల వేగముతో పోవునపుడు ఒక్కడు పడినచో పదిమంది పడుదురు. ఎదురుగా లారీ వచ్చిన యెడల ఏమగునో చెప్పనక్కరలేదు. వైద్యుడు, అంబులెన్సు, పోలీసు బందోబస్తు, బీమా లేని పందెము ప్రాణములతో చెలగాటమే. మాదకద్రవ్యముల పరీక్షకు, వయస్సు నిర్ధారణకు, ఫలితముల నమోదుకు కూడ ఒక బాధ్యతగల సంస్థ ఉండి తీరవలెను. కనుక అనుమతి అవసరమా కాదా అనునది వివాదము కాదు. అనుమతి ఇచ్చువాడు ఎవరికి జవాబుదారి? అనుమతి లేని చోట శిక్ష ఎవరికి? ఇవియే అసలు ప్రశ్నలు.

బ్రిటన్ నేర్చుకొన్న పాఠము

ఈ ప్రశ్నలు అందరికంటె తీవ్రముగా బ్రిటన్ దేశమున తలెత్తినవి. 1894 జూలై 21న లండన్ నుండి ఉత్తరమునకు పోవు పెద్ద రహదారిపై ఒక సైకిల్ సంఘము యాభై మైళ్ల పందెము జరిపినది. దారిలో ఒక మహిళ నడుపుచున్న బండి గుఱ్ఱము బెదరినది, పందెగాళ్లు క్రిందపడినారు, ఫిర్యాదు పోలీసుల వరకు వెళ్లినది. ప్రభుత్వము సైకిళ్లనే రోడ్లపై నిషేధించునేమో అను భయము వ్యాపించినది. అందుచేత జాతీయ సైకిలిస్టుల యూనియన్ తానే ముందుకు వచ్చి, ఆ దశాబ్దము ముగియక ముందే, రహదారులపై గుంపు పందెములను నిషేధించినది.

ఆనాటి పందెములో పాల్గొన్న ఎఫ్.టి. బిడ్లేక్ అను ఆయన దీనికి ఒక ఉపాయము కనిపెట్టినాడు. అందరును ఒకేసారి బయలుదేరక, నిర్ణీత వ్యవధితో ఒక్కొక్కరే బయలుదేరి గడియారముతో పోటీ పడుదురు. ఇట్టి మొదటి పోటీ 1895 అక్టోబరులో జరిగినది. చూచువారికి పందెమని తెలియకుండుటకై పోటీదారులు నల్లని దుస్తులు ధరించి తెల్లవారుజామున బయలుదేరెడివారు. పోటీ మార్గములకు సంకేతనామములు ఉండెడివి. ఒక క్రీడ దొంగచాటుగా బ్రతుకవలసిన స్థితి అది!

అదే కాలమున ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియం దేశములలో రహదారి పందెములు ప్రజోత్సవములుగా వర్ధిల్లినవి. ప్రపంచ పోటీలకు వెళ్లిన బ్రిటిష్ యువకులకు గుంపులో తొక్కు అలవాటే లేకపోయినది. 1933లో ఫ్రాన్స్ దేశమున జరిగిన ప్రపంచ పోటీలో పాల్గొన్న పెర్సీ స్టాలర్డ్ అను వుల్వర్‌హాంప్టన్ నివాసికి ఈ లోపము మనస్సున నాటుకొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కొరత వలన రోడ్లపై మోటారు వాహనములు తగ్గిపోయినవి. ఇదియే తగిన సమయమని, గుంపు పందెములను అనుమతింపుమని స్టాలర్డ్ యూనియన్‌కు లేఖ వ్రాసినాడు. యూనియన్ నిరాకరించినది. ఆయన పోలీసుల సహకారము సంపాదించి, 1942 జూన్ 7న లాంగోలెన్ నుండి వుల్వర్‌హాంప్టన్ వరకు 59 మైళ్ల పందెము నిర్వహించినాడు. పలువురు పాల్గొన్నారు. ఆదాయము సైనికుల సహాయనిధికి ఉద్దేశింపబడినది. ప్రమాదమేమియు లేకుండ పందెము ముగిసినది. ఆల్బర్ట్ ప్రైస్ అను యువకుడు గెలిచినాడు.

ఫలితమేమి? పోలీసులు అభ్యంతరము చెప్పలేదు, ప్రజలు ఆనందించినారు, యూనియన్ మాత్రము స్టాలర్డ్‌ను నిరవధికముగా బహిష్కరించినది. పందెము తొక్కిన యువకులపైనను సస్పెన్షన్లు పడినవి. అనుమతి కోరినది స్టాలర్డ్, నిరాకరించినది యూనియన్, వారిద్దరి తగవులో ఆ యువకులకు పాత్ర లేదు. అయినను దండన వారికి కూడ తగిలినది.

బహిష్కృతులు ఊరకుండలేదు. అదే సంవత్సరము నవంబరులో బ్రిటిష్ లీగ్ ఆఫ్ రేసింగ్ సైకిలిస్ట్స్ అను ప్రత్యేక సంస్థను స్థాపించినారు. 1945లో బ్రైటన్ నుండి గ్లాస్గో వరకు ఐదు దశల పందెము నడిపినారు. యూనియన్‌కు, లీగుకు మధ్య వైరము పదిహేడేళ్లు సాగినది. లీగు పోటీలో పాల్గొన్నవాడు యూనియన్ పోటీలకు అనర్హుడు. ఒకే ఊరి యువకులు, ఒకే దుకాణములో సైకిళ్లు కొన్నవారు, ఒకరితో ఒకరు పోటీ పడలేని దుస్థితి ఏర్పడినది. తుదకు 1959లో రెండును విలీనమై బ్రిటిష్ సైక్లింగ్ సమాఖ్య ఏర్పడినది. 1960లో ప్రభుత్వము రహదారి పందెములకు నిబంధనలు చేసి, పోలీసులకు ముందుగా తెలుపు విధానమును, పోటీదారుల సంఖ్యకు పరిమితిని నిర్ణయించినది. అరువది ఏళ్లకు పైగా అసాధ్యమనుకొన్న కార్యము కొన్ని పుటల నిబంధనలతో సాధ్యమైనది. ఈలోగా 1955లో బ్రయన్ రాబిన్సన్, టోనీ హోర్ అను ఇరువురు టూర్ డి ఫ్రాన్స్ పందెమును పూర్తిచేసిన తొలి బ్రిటిష్ వారైనారు. 1958లో రాబిన్సన్ అందులో ఒక దశను గెలిచినాడు.

రుసుముల చిక్కు

నిషేధపు కాలము గడచినను తగవు ఆగలేదు. అది రుసుముల రూపము దాల్చినది. అమెరికాలో జాతీయ సమాఖ్యతో సంబంధము లేకుండ జరుగు పందెములు అనేకము. ఒరెగాన్ రాష్ట్రమున ఒక స్వతంత్ర సంఘమే పోటీలను నడుపుచుండెడిది. కొందరు నిర్వాహకులకు బయట బీమా చౌకగా దొరకెడిది. మరికొందరు తమ పోటీ పద్ధతిని తామే నిర్ణయించుకొనగోరెడివారు. అంతర్జాతీయ సంఘపు నిబంధనలలో మాత్రము, గుర్తింపు లేని పోటీలో పాల్గొన్న లైసెన్సుదారునికి ఒక నెల సస్పెన్షన్, 50 నుండి 100 స్విస్ ఫ్రాంకుల జరిమానా అని ఉండెను. 2013లో ఈ నిబంధనను కచ్చితముగా అమలు చేయబోవుచున్నామని ప్రకటన వెలువడగానే అమెరికన్ క్రీడాకారులలో, ముఖ్యముగా కొండదారులలో సైకిల్ తొక్కువారిలో, పెద్ద అలజడి చెలరేగినది. ఏండ్లుగా రెండు విధముల పోటీలలోను పాల్గొనుచున్నవారు హఠాత్తుగా దోషులైనారు. నిరసనలు పెరుగగా ఆ యేటికి కఠినమైన అమలు వాయిదా పడినది.

ఇరుపక్షముల వాదమును ఆలకింపవలెను. సమాఖ్య చెప్పునదేమి? "న్యాయనిర్ణేతల శిక్షణ, బాలుర పోటీలు, జాతీయ జట్టు ఖర్చులు మేము భరించుచున్నాము. రుసుము చెల్లించనివారు మా క్రీడాకారులను మాత్రము వాడుకొందురా?" ఈ మాటలో బలము కలదు. నిర్వాహకుడు చెప్పునదేమి? "పెద్ద పందెమునకు, చిన్న పందెమునకు ఒకే రుసుమైన మేమెట్లు బ్రతుకుదుము?" దీనిలోను నిజము కలదు. లెక్కకొరకు, స్థిర రుసుము ఐదువేల రూపాయలనుకొందము. రెండువందల మంది పాల్గొన్నచో తలకు ఇరువదియైదు రూపాయలు పడును. ఇరువదిమందే పాల్గొన్నచో తలకు రెండువందల యేబది. పట్నపు పందెమునకు చిల్లర ఖర్చైనది పల్లె పందెమునకు ఉరి యగును. క్రీడకు కొత్త రక్తము వచ్చునది ఆ చిన్న పందెముల నుండియే కదా! కావున సమాఖ్య తన బిడ్డల నోటి ముద్దను తానే లాగుకొన్నట్లగును.

న్యాయస్థానముల మాట

అనుమతి ఇచ్చు సంస్థయే స్వయముగా పోటీలు నడిపి లాభము పొందుచున్నపుడు చిక్కు మరింత ముదురును. పరీక్ష వ్రాయువాడే పేపరు దిద్దినట్లుండును. గ్రీసు దేశపు మోటారు సైకిల్ పందెముల విషయమున ఐరోపా న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పుచు, అట్టి సంస్థకు హద్దులు, బాధ్యతలు, పునర్విచారణ లేని అనుమతి అధికారము తగదని స్పష్టము చేసినది. మంచుపై స్కేటింగ్ క్రీడలో అనుమతి లేని పోటీలకు పోవువారిని జీవితాంతము వరకు బహిష్కరింపజాలు నిబంధన ఉండగా, ఇరువురు డచ్ క్రీడాకారులు ఫిర్యాదు చేసినారు. 2017లో ఐరోపా కమిషన్, 2023 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానము వారి పక్షమున నిలిచినవి.

మన దేశమునకును ఈ అనుభవము కొత్త కాదు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ ఆరంభమైనపుడు క్రికెట్ బోర్డు దానిని గుర్తింపక, అందులో చేరినవారికి తన తలుపులు మూసినది. గుంటూరులో జన్మించి, 2004లో పందొమ్మిదేళ్లలోపు భారత జట్టుకు నాయకత్వము వహించిన అంబటి రాయుడు ఆ లీగులో చేరినవారిలో ఒకడు. 2009లో బోర్డు క్షమించు వరకు ఆయనకు బోర్డు క్రికెట్టు అందలేదు. భారత జట్టులో ఆడుట 2013లో గాని సాధ్యపడలేదు. ప్రతిస్పర్ధి లీగును గుర్తింపబోమని బోర్డు చేసికొన్న ఒప్పందమును గూర్చి భారత కాంపిటీషన్ కమిషన్ 2017లో 52.24 కోట్ల రూపాయల జరిమానా విధించినది. అనుమతి లేని టోర్నమెంట్లలో ఆడరాదను కట్టడి విషయమై 2018లో అఖిల భారత చదరంగ సమాఖ్యకును జరిమానా పడినది.

ముగింపు

ఈ ఉదాహరణములన్నిటిలో ఒక సూత్రము కానవచ్చును. తగవు రెండు సంస్థల మధ్య. మూల్యము చెల్లించినది క్రీడాకారుడు. నిర్వాహకుడు మరునాడు మరియొక వ్యాపారము చూచుకొనగలడు. సమాఖ్య మరియొక తీర్మానము చేయగలదు. ఇరువది యేండ్ల యువకునికి పోయిన ఋతువు మాత్రము తిరిగి రాదు. ఒక్క నెల సస్పెన్షనే ఎంపిక పోటీల నెలలో పడినచో అతని యేడాది శ్రమ నీటిపాలగును.

అందుచేత కొన్ని నియమములు అవశ్యకములని తోచుచున్నది. అనుమతి ఇచ్చు చేయి, పోటీ నడిపి లాభమందు చేయి ఒకటి కారాదు. నిరాకరణకు కారణములు గడువులోగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను. దానిపై అప్పీలుకు వేరొక చోటు ఉండవలెను. రుసుము పోటీ పరిమాణమును, సమాఖ్య చేసిన సేవను అనుసరించి ఉండవలెను. దాని జమాఖర్చులు అందరికిని తెలియవలెను. భద్రత లేని పందెమును నిర్దాక్షిణ్యముగా ఆపవలసినదే. కాని ఆ దోషము నిర్వాహకునిదైనపుడు శిక్ష అతనికే తగులవలెను, తొక్కినవానికి కాదు.

ఈ మాట పెద్ద సమాఖ్యలకే కాదు, కళాశాల క్రీడాసంఘమునకును, దానిని పర్యవేక్షించు కమిటీకిని వర్తించును. బయటి టోర్నమెంటులో ఆడివచ్చిన విద్యార్థిని జట్టునుండి తొలగించుటకు ముందు, ఆ పోటీ సురక్షితమా కాదా అని విచారించుట పెద్దల ధర్మము. సురక్షితమైనదైతే, మన అనుమతి కాగితము లేదను ఒక్క కారణమున ఆ బాలుని ఆట ఆగిపోరాదు. విద్యార్థులును తాము సంతకము చేయు పత్రములో ఏమున్నదో చదివి, సందేహమున్నచో అడిగి తెలిసికొనుట మంచిది. అట్లు అడిగిన విద్యార్థికి ఓపికతో సమాధానము చెప్పు సంస్థయే ఆ ముద్రను చేతపట్టుటకు అర్హమైనది.