ఎవరి ఇంటికి ఎదురుగా వారే!

బైబిల్‌ను క్రమంగా చదివే మనలో చాలామందిమి నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం రాగానే పేజీ తిప్పేస్తాం. అందులో కథ లేదు, ప్రార్థన లేదు, ప్రవచనం లేదు. నోరు తిరగని పేర్లు, ఆ పేర్లవాళ్లు బాగుచేసిన గుమ్మాలు, గోడలు మాత్రమే ఉన్నాయి. కానీ మోరీలు పొంగే కాలనీల్లో, గుంతలు పడిన వీధుల్లో కాపురముంటున్న మనకు ఇంత దగ్గరగా ఉండే అధ్యాయం బైబిల్‌లో మరొకటి లేదేమో!

నెహెమ్యా షూషను కోటలో రాజుగారి పానదాయకుడు. మంచి ఉద్యోగం, సుఖమైన జీవితం. యెరూషలేము ప్రాకారం కూలిపోయిందని, గుమ్మాలు కాలిపోయాయని విని కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ ప్రార్థనలో ఒక విశేషముంది. పాపం చేసింది ‘వాళ్లు’ అనలేదాయన. తననూ, తన తండ్రి ఇంటివారినీ కూడా ఆ పాపంలో కలుపుకుని ఒప్పుకున్నాడు (నెహెమ్యా 1:6). యెరూషలేముకు వచ్చాక కూడా వెంటనే ప్రసంగం చేయలేదు. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడల వెంట తిరిగి పరిస్థితిని కళ్లారా చూశాడు. ఒకచోట తానెక్కిన పశువు ముందుకు పోవడానికి దారే లేదట (2:14)!

ఆ తర్వాత పని మొదలైంది. ప్రధానయాజకుడు గొఱ్ఱెల గుమ్మం కట్టాడు. బంగారపు పనివారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు, వర్తకులు కూడా చేతులు వేశారు. షల్లూము అనే అధిపతి తన కుమార్తెలతో కలిసి గోడ బాగుచేశాడు. ఆ జాబితాలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. యెదాయా తన ఇంటికి ఎదురుగా, బెన్యామీను, హష్షూబు తమ ఇంటికి ఎదురుగా, యాజకులు ఎవరి ఇంటికి ఎదురుగా వారు బాగుచేశారు (3:10, 23, 28). ఎంత తెలివైన ఏర్పాటు! తన ఇంటి ముందు గోడ కాబట్టి ఎవడూ నాసిరకం పని చేయడు. ఒక్క ఇంటి ముందు సందు మిగిలిపోయినా శత్రువు ఊరంతటిలోకీ వస్తాడు. అలా ఆ ప్రాకారం 52 రోజుల్లో పూర్తయింది (6:15).

ఈ అధ్యాయాన్ని మేము ఏళ్లతరబడి చదివాం, దాని మీద ప్రసంగాలు కూడా విన్నాం. కానీ అది మాకు నిజంగా అర్థమైంది మాత్రం మా చర్చి గేటు ముందున్న ఒక సిమెంటు ర్యాంపు వల్ల!

మా సంఘం హైదరాబాద్‌కు తూర్పున, ఉప్పల్ దాటాక వచ్చే ఒక కాలనీలో ఉంది. ఒకప్పుడవన్నీ పొలాలు. పైచెరువు నిండితే అలుగు పారి కిందిచెరువుకు నీళ్లు పోయే గొలుసుకట్టు చెరువుల ప్రాంతమది. ఆ తర్వాత లేఅవుట్లు వచ్చాయి. ఇళ్లు ముందు లేచాయి, మోరీలు తర్వాత వచ్చాయి. 2007లో 12 శివారు మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు గాని, నీళ్లకు పాత దారులే గుర్తున్నాయి. పైగా పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు వేస్తూ పోతే వీధి ఎత్తయింది, ఇళ్లు పల్లమయ్యాయి. మా చర్చి ముందు రోడ్డు కూడా అలాగే లేచింది. కార్లు లోపలికి రావడానికి ఇబ్బందిగా ఉందని గేటు ముందు ర్యాంపు కట్టించాం. కింద ఉన్న రెండడుగుల మోరీలో ఒక ఆరంగుళాల పైపు వేసి పైన కాంక్రీటు పోయించాం. ‘దేవుని మందిరానికి అందం వచ్చింది’ అని అప్పుడు సంతోషించాం కూడా.

2020 అక్టోబరు 13న కుండపోత వాన కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్లకు పైగా పడింది. నగర శివార్లలో ఎన్నో కాలనీలు మునిగాయి. మా వెనుక వీధిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. అక్కడివాళ్లు ఆ రాత్రంతా మేడల మీద గడిపారు. మేము చర్చి హాలు తెరిచాం, వంటలు చేయించాం, బియ్యం, దుప్పట్లు పంచాం. యవ్వనస్థులు నడుము లోతు నీళ్లలో వెళ్లి పాల ప్యాకెట్లు అందించారు. ఆ ఆదివారం ఆరాధనలో ఈ పరిచర్య గురించి సాక్ష్యాలు చెప్పుకుని దేవుణ్ణి స్తుతించాం.

వారం తర్వాత, దుప్పటి తీసుకున్న ఒక పెద్దావిడ పాస్టరుగారి దగ్గరికి వచ్చింది. ఆమె మన సంఘస్థురాలు కాదు. “అయ్యగారూ, ఆపదలో బియ్యమిచ్చారు, మీ మేలు మరువం. కానీ మీ గేటు ముందున్న ఆ దిమ్మె తీయించండి. వాన నీళ్లు మోరీలో దిగక మా వీధిలోకి మళ్లుతున్నాయి. నాలుగు రోజులైనా నీళ్లు పోలేదు. అది తీస్తే మాకు మీ బియ్యంతో పనుండదు” అంది. ఆమె మాటలో కోపం లేదు. అందుకే అది మమ్మల్ని మరింత గుచ్చుకుంది.

పెద్దలు వెళ్లి చూశారు. పైపు నిండా పూడిక, ప్లాస్టిక్ కవర్లు. కమిటీలో మూడు వారాలు చర్చ జరిగింది. “ఆ వానకు ఏ మోరీ ఆగుతుంది?” అన్నారొకరు. నిజమే, మోరీ ఎంత బాగున్నా ఆ రాత్రి వీధి మునిగేదే. కానీ నాలుగు రోజులు నిలిచిన నీళ్లు ఒక్కరోజులో పోయేవి కదా! “వీధి పొడవునా అందరికీ ర్యాంపులున్నాయి, మనమే ఎందుకు ముందు తీయాలి?” అన్నారు ఇంకొకరు. “వృద్ధులు, చక్రాల కుర్చీలో వచ్చేవారు ఎలా లోపలికి రావాలి?” అన్నారు మరొకరు. ఏ ప్రశ్నా కొట్టిపారేసేది కాదు. చివరికి మా సంఘ పెద్దల్లో అందరికన్నా వయసులో పెద్దాయన, “నెహెమ్యా ప్రార్థనలో ‘మేము’ అన్నాడు. మనం కాలనీ కోసం ప్రార్థన చేసినప్పుడల్లా ‘వారిని దీవించు’ అంటున్నాం. ఈ దిమ్మె వారిదా, మనదా?” అని అడిగారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ర్యాంపు పగలగొట్టడం ఒక శనివారం పని. దానికన్నా కష్టమైనది వెనుక వీధికి వెళ్లి, “తప్పు మాదే, క్షమించండి” అని చెప్పడం. పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు ఇంటింటికీ వెళ్లారు. కొందరు “పోనీలెండి అయ్యగారూ” అని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒకాయన మాత్రం తన కూతురి చదువు సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయని గుమ్మంలోనే నిలబెట్టి కోపంగా మాట్లాడారు. మావాళ్లు తల వంచుకుని విన్నారు. విని ఊరుకోవడం కూడా పరిచర్యేనని ఆ రోజు తెలిసింది. ఒక మాట విన్నాక ఇంకొన్ని కూడా వినవలసి వచ్చింది. ఆదివారాలు మన బళ్లతో వీధి మూసుకుపోతోందన్నారు. తెల్లవారుజామున మన మైకు పరీక్షల చదువులకు అడ్డమవుతోందన్నారు. అవీ సరిదిద్దుకున్నాం.

మోరీలోంచి రెండు ట్రాక్టర్ల పూడిక తీశాం. దాని మీద ఎత్తి శుభ్రం చేసుకునే వీలున్న గట్టి ఇనుప జాలీ వేయించాం. చక్రాల కుర్చీ దాని మీదుగానే లోపలికి వస్తోంది. మమ్మల్ని చూసి వీధంతా మారిపోయిందని చెప్పలేం. మొదటి నెల ఎవరూ కదల్లేదు. తర్వాత ఎదురుగా ఉన్న టైలరు తన షాపు ముందు దిమ్మె తీశాడు. ఇంకో రెండిళ్లవాళ్లు తీశారు. కాలనీ సంఘంవారితో కలిసి మేమూ మున్సిపల్ అధికారులకు అర్జీ పెట్టాం. కొన్ని ర్యాంపులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పెద్ద వానకు వెనుక వీధిలో ఇప్పటికీ నీళ్లు వస్తాయి, కానీ తెల్లవారేసరికి పోతున్నాయి.

ఇదంతా మున్సిపాలిటీ పని కదా, సంఘానికేం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. ధర్మశాస్త్రం ఏం చెబుతోందో చూడండి. గొయ్యి తవ్వి మూత పెట్టనివాడు, అందులో పొరుగువాని పశువు పడి చస్తే దాని వెల చెల్లించాలి (నిర్గమ 21:33, 34). కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పైనుంచి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది (ద్వితీ 22:8). గొయ్యి మూత, మేడ పిట్టగోడ కూడా దేవుడు పట్టించుకునే విషయాలే! పొరుగువాణ్ణి ప్రేమించమన్న దేవుడు ఆ ప్రేమను సిమెంటుతో, ఇటుకతో కూడా చూపించమన్నాడు.

మన ఇంట్లోంచి బయటికి పోయిన నీళ్లు పొరుగింట్లో ఏం చేస్తాయో చెప్పే ఒక చరిత్ర కూడా ఉంది. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగి 600 మందికి పైగా చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే డాక్టరు చెప్పాడు. ఆ పేటలోని సెయింట్ లూక్స్ చర్చి సహాయ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ మొదట ఆ మాట నమ్మలేదు. అది తప్పని నిరూపించాలనే ఇల్లిల్లూ తిరిగాడు. అతనికి ఆ పేటలో ప్రతి కుటుంబమూ తెలుసు. ఎవరు ఏ నీళ్లు తాగారో అడుగుతూ పోగా డాక్టరు మాటే నిజమని తేలింది. అంతేకాదు, అందరికన్నా ముందు ఒక పసిబిడ్డ జబ్బుపడిందనీ, తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీళ్లను ఇంటి గుంతలో పోసేదనీ, ఆ గుంత పంపు బావికి మూడడుగుల దూరంలో కూడా లేదనీ వైట్‌హెడ్ కనిపెట్టాడు. ఆ తల్లి తప్పేమీ లేదు, ఆమెకు తెలియదు. కానీ తనకు తెలిసిందే నిజమని పట్టుపట్టకుండా గడప గడపకూ వెళ్లి అడిగిన ఒక పాదిరి వల్ల నిజం బయటపడింది. తన అభిప్రాయం తప్పని తేలినప్పుడు దాన్ని ఒప్పుకోవడం కూడా ఆయన చేసిన సేవలో భాగమే.

ప్రియులారా, మనకు దుప్పట్లు పంచడం తేలిక, దిమ్మె పగలగొట్టడం కష్టం. పంచితే మనకు పేరొస్తుంది, పగలగొడితే మన తప్పు బయటపడుతుంది. పంచడం మానమని కాదు, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టవలసిందే. కానీ అతని ఇంట్లోకి నీళ్లు పంపుతున్నది మన గేటే అయితే, అన్నం పెట్టిన చేతులే గడ్డపార కూడా పట్టాలి. తెకోవీయుల్లో గొప్పవారు ఆ పనికి మెడ వంచలేదని బైబిల్ రాసిపెట్టింది (3:5). ఒక ప్రదేశానికి అధిపతి అయిన మల్కీయా మాత్రం ఊరి చెత్త బయటికి పోయే పెంట గుమ్మాన్ని ఎంచుకుని బాగుచేశాడు (3:14). రెండు పేర్లూ ఈనాటికీ నిలిచి ఉన్నాయి. మన పేరు ఏ వరుసలో ఉంటుంది?

అధికారులను అడగడం అవిశ్వాసం కాదు. నెహెమ్యా రాజు దగ్గర ఉత్తరాలూ అడిగాడు, కలప కూడా అడిగాడు (2:7, 8). మనమూ అర్జీలు పెడదాం, పక్కింటివారు ఏ మతస్థులైనా వారితో కలిసి వెళదాం. అయితే అర్జీ రాసే ముందు ఒక సాయంత్రం నెహెమ్యాలాగే మన వీధి చివరి దాకా నడిచి చూద్దాం. మోరీలో మనం వేసిన చెత్త ఎంత? మూత లేని గుంత ఎక్కడుంది? పాత కూలర్లో, పూలకుండీల కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు ఎన్నాళ్లవి? అలాంటి నీళ్లలో వారం పది రోజుల్లో పుట్టే దోమే పక్కింటి పిల్లవాడికి డెంగీ తెస్తుంది.

బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడిన తన ప్రజలను సైతం, ఆ పట్టణపు క్షేమం కోరి దానికోసం ప్రార్థించమని దేవుడు యిర్మీయా ద్వారా ఆజ్ఞాపించాడు (యిర్మీయా 29:7). మనం చెరలో లేము, మన సొంత వీధిలోనే ఉన్నాం. ఈ ఆదివారం ఆరాధన ముగించుకుని బయటికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం గేటు దగ్గర ఆగి కిందికి చూద్దాం. బాగుచేయవలసిన గోడ మన ఇంటికి ఎదురుగానే ఉండవచ్చు!