రైతు మరణానంతరము భూమి యెవరికి చెందును?

జూపాడు బంగ్లా పరిసరముల రైతులు విత్తనములను గూర్చియు, కె.సి. కాలువ నీటిని గూర్చియు మమ్ము విచారించునపుడు, మాటల నడుమ తఱచుగా మఱియొక ప్రశ్న వేయుచుందురు: "నా తదనంతరము భూమి నా భార్యకే గదా చెందును?" అని. చెందదు. వీలునామా లేనిచో ఆమెకు దక్కునది యెంతయో లెక్కవేసి చూచినవారు అరుదు. ఆ లెక్క నిచట చూపుచున్నాము.

ఒక హిందూ రైతునకు పిత్రార్జితమైన భూమి 12 ఎకరములు కలదనియు, భార్య, ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె యున్నారనియు అనుకొందము. 2005 సెప్టెంబరు 9 నుండి కుమార్తెకు, పెండ్లియైనను కాకున్నను, పిత్రార్జితమున కుమారునితో సమానమగు హక్కు కలిగినది. ఆ దినమునకు తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరైన భాగపరిష్కారములను మాత్రము తిరుగదోడుటకు వీలులేదు. కావున తండ్రితో కూడ నలుగురు భాగస్థులు. తలకు 3 ఎకరములు. భార్య ఈ భాగస్థులలో చేరదు. తండ్రి గతించినపుడు ఆయన 3 ఎకరములు మాత్రమే భార్యకును, ముగ్గురు బిడ్డలకును సమముగా చీలును. ఆయన తల్లి బ్రదికి యున్నచో ఆమెకును ఒక భాగము. తల్లి లేదనుకొన్నచో ఒక్కొక్క బిడ్డకు మొత్తము 3 ఎకరముల 75 సెంట్లు. ఆ నేలలో జీవితమంతయు నాట్లు వేసి, కలుపు తీసిన యిల్లాలికి 75 సెంట్లు!

ఆ రైతు తన 3 ఎకరములను వీలునామాలో భార్య పేర వ్రాసినచో అవి మూడును ఆమెకే చెందును. పండ్రెండింటిని వ్రాయుటకు మాత్రము ఆయనకు అధికారము లేదు. పిత్రార్జితమున తన భాగమునకే వీలునామా చెల్లును. స్వార్జితమును ఇచ్చవచ్చినవారికి వ్రాయవచ్చును. "కుమార్తెకు పెండ్లి చేసితిమి, ఇక నామె కేమియు లేదు" అని వ్రాయించిన పత్రములు వ్యాజ్యములకే దారితీయును. క్రైస్తవుడు వీలునామా లేక మరణించినచో భార్యకు మూడవ వంతును, తక్కినది బిడ్డలకు సమానముగను చెందును. మహమ్మదీయుల విధులు వేఱు. వారు న్యాయవాదిని అడుగకుండ వ్రాయరాదు.

వీలునామాకు స్టాంపు అక్కఱలేదు, తెల్ల కాగితము చాలును. వ్రాయించినవాడు ఇద్దఱు సాక్షుల యెదుట సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. వారును అతని యెదుటనే సంతకము చేయవలెను. ఆస్తి పొందువానిని సాక్షిగా పెట్టకుడు. వివాదము వచ్చినపుడు సాక్షులలో ఒకడైనను కోర్టుకు రావలసి యుండును గనుక, వయసున చిన్నవారు మేలు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని, నందికొట్కూరు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున చేయించినచో అనుమానములు తగ్గును. మన మండలము 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాకు మాఱినది. పాత దస్తావేజులలోని జిల్లా పేరును, సర్వే నంబరును, హద్దులను సరిచూచి వ్రాయింపుడు.

దానపత్రము వేఱు. అది రిజిస్టరై, పుచ్చుకొన్నవాడు అంగీకరించిన పిమ్మట మనసు మాఱినంత మాత్రమున రద్దు కాదు. కొడుకు పేర అంతయు వ్రాసి, వాని గుమ్మమున అన్నమునకు నిలుచు తండ్రులను మేము చూచితిమి. ఇచ్చియే తీరవలెనన్నచో పోషణ షరతు వ్రాయించుకొనుడు; షరతు తప్పిన పత్రమును రద్దుపఱచుటకు వృద్ధుల కొఱకైన 2007 నాటి చట్టమున దారి కలదు.

నామినీ పేరు చూచి నిశ్చింతగా నుండుట పొరపాటు. బీమా సొమ్మున నామినీ పుచ్చుకొనువాడే గాని సొంతదారు కాడని, 2015 నాటి చట్టసవరణకు పూర్వము, 1983లో సుప్రీంకోర్టు చెప్పి యుండెను. పాసుపుస్తకమున పేరు మాఱినంతనే హక్కు పుట్టదు.

ఇక వకీలు మాట. దస్తావేజు లేఖరి వకీలు కాడు. నందికొట్కూరు, ఆత్మకూరు కోర్టులలో సివిలు వ్యవహారములు చూచు న్యాయవాదుల నడిగి, ఫీజు ముందుగనే తేల్చుకొనుడు. నకళ్లు ఇచ్చి అసళ్లు ఇంట నుంచుకొనుడు. ఖాళీ కాగితముపై వ్రేలు పెట్టకుడు. ఆస్తి పొందబోవు కొడుకు వెంట పోవలదు, ఒంటరిగా పొండు. లాభము పొందువాడే ముందు నిలిచి వ్రాయించిన వీలునామాను కోర్టు అనుమానముతో చూచునని 1958 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఫీజు ఇచ్చుకొనలేనివారికి 1987 నాటి చట్టము ననుసరించి న్యాయసేవా సంస్థలు ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో పనిలేదు. 15100కు టెలిఫోను చేసియైనను అడుగవచ్చును.