నెల బిల్లు లేని టీవీ

మన ఊళ్లలో కొన్ని ఇళ్లలో టీవీ ఉన్నా, నెలనెలా డబ్బు కట్టలేక మూలన పడి ఉంటుంది. అటువంటి వారికి డీడీ ఫ్రీ డిష్ ఎంతో ఉపయోగకరం. దీన్ని దూరదర్శన్ 2004 డిసెంబరులో 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో ప్రారంభించింది. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే చాలు. తెలంగాణ వార్తలకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్ వార్తలకు సప్తగిరి చానెళ్లు ఇందులో వస్తాయి.

ఇది ఎలా పనిచేస్తుంది? జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో భూమితో సమానంగా తిరుగుతుంది. అందుకే ఆకాశంలో ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్లుంటుంది. దాని స్థానం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మనకు అది ఆగ్నేయ దిక్కు అవుతుంది.

కాబట్టి డిష్‌ను ఆగ్నేయం వైపు పెట్టాలి. చెట్టు, గోడ అడ్డం రాకూడదు. కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. ఒకరు టీవీ తెరపై సిగ్నల్ క్వాలిటీ చూసి చెబుతుంటే, మరొకరు డిష్‌ను కొద్దికొద్దిగా కదపాలి. క్వాలిటీ బాగా పెరిగిన చోట బోల్టులు బిగించి, బాక్సు మెనూలో చానెళ్లను వెతికించాలి. తరువాత ఏదైనా చానెల్ కనిపించకపోతే మళ్లీ వెతికిస్తే చాలాసార్లు దొరుకుతుంది.

పీఎం ఈ-విద్య పాఠాలు కూడా ఇందులో వస్తాయి. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ పని మనమే చేసిపెడదాం. అమ్మానాన్నలకు వార్తలు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పాఠాలు అందుతాయి.