రాసే మందు.. మింగే మాత్ర: బట్టతలకు ఏది, ఎవరికి, ఎంతకాలం?

జుట్టు రాలడం మొదలైందనగానే చాలామంది నేరుగా మందుల దుకాణానికి వెళ్లి ఏదో ఒక సీసా తెచ్చుకుంటారు. నూనెతో మొదలైన వ్యవహారం షాంపూలు మారి, చివరకు స్నేహితుడు వాడుతున్న మాత్ర వద్దకు చేరుతుంది. ఈలోగా ఏడాదో, రెండేళ్లో గడిచిపోతాయి. బట్టతల విషయంలో డబ్బు కన్నా ఈ కాలమే విలువైనది. ప్రస్తుతం అందుబాటులో ఉన్న మందులు మిగిలిన జుట్టును నిలబెట్టినంత సులువుగా పోయిన జుట్టును తిరిగి తేలేవు. ఏళ్ల తరబడి నున్నగా మారిపోయిన చోట ఏ మందైనా చేయగలిగింది స్వల్పమే.

ముందు కారణం తేలాలి

తలపై దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ కొత్తది మొలుస్తుంది. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. దీనికి ఏ మందూ అవసరం లేదు.

టైఫాయిడ్, డెంగీ వంటి తీవ్ర జ్వరాలు, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, ఒక్కసారిగా బరువు తగ్గడం.. వీటి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడటం కనిపిస్తుంది. జ్వరం ఎప్పుడో తగ్గిపోయి ఉండటంతో ఈ రెండింటికీ సంబంధం ఉందన్న ఆలోచనే రాదు. బాలింతల ఇళ్లలో ఆందోళన మరీ ఎక్కువ. అయితే ఇలా రాలిన జుట్టు చాలావరకు ఆరు నెలల్లో తనంతట తానే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ నూనె రాసినా ఆ ఘనత నూనెకే దక్కుతుంది! రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నవారికి మాత్రం వాటికి చికిత్స జరిగితే తప్ప జుట్టు కుదుటపడదు.

నాణెమంత గుండ్రంగా జుట్టు ఊడిపోయే పేనుకొరుకుడు మరో రకం. దీనికీ పేలకూ ఏ సంబంధమూ లేదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున వెంట్రుక కుదుళ్లపైనే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. గ్రామాల్లో దీనిపై గురివింద గింజ అరగదీసి రాసే అలవాటు ఇంకా ఉంది. నమిలి మింగితే ప్రాణం తీయగల విషం ఆ గింజలో ఉందని, పిల్లలున్న ఇళ్లలో అవి ఉండటమే ప్రమాదమని గుర్తించాలి. పేనుకొరుకుడుకు చర్మవైద్యులు మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. తల మొత్తం ఊడిపోయే తీవ్ర దశకు బారిసిటినిబ్ అనే మాత్రను 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

ఇక మిగిలింది వంశపారంపర్య బట్టతల. నుదుటి పక్కల, నడినెత్తిన క్రమంగా పలచబడే ఈ సమస్యకే రాసే మందు, మింగే మాత్ర ప్రధానంగా ఉద్దేశించినవి.

రక్తపోటు మాత్ర నుంచి పుట్టిన లోషన్

మినాక్సిడిల్ జుట్టు కోసం కనుగొన్న మందు కాదు. రక్తపోటు ఏ మందులకూ లొంగని రోగుల కోసం 1979లో అమెరికాలో మాత్రగా వచ్చింది. వాడినవారికి ముఖంపైనా, చేతులపైనా వెంట్రుకలు పెరగడం వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ దుష్ఫలితాన్నే ప్రయోజనంగా మలచి 2 శాతం ద్రావణంగా తయారుచేశారు. 1988లో దానికి బట్టతల మందుగా ఆమోదం లభించింది. తర్వాత 5 శాతం ద్రావణం, నురగ రూపం కూడా వచ్చాయి.

ద్రావణాన్ని సాధారణంగా రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ ఒక మిల్లీలీటరు చొప్పున పొడిగా ఉన్న తలపై రాయాలి. రాయాల్సింది వెంట్రుకలకు కాదు, మాడు చర్మానికి. రాసిన తర్వాత చేతులు కడుక్కోవాలి. కనీసం నాలుగు గంటల వరకు తలస్నానం చేయకూడదు. ఎక్కువ రాస్తే ఎక్కువ మొలుస్తుందన్న అపోహతో మోతాదు పెంచితే మందు రక్తంలో చేరి గుండెదడ, తల తిరుగుడుకు దారితీయవచ్చు. చర్మం కమిలినా, పుండ్లున్నా రాయకూడదు. తలనీలాలు సమర్పించి వచ్చినవారు గాట్లు, మంట తగ్గేవరకు ఆగడం మేలు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికి కూడా శాస్త్రీయ ఆధారం లేదు. కత్తి తెంచేది చర్మం పైనున్న వెంట్రుకనే, కుదురు లోపలే ఉంటుంది. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే.

వాడటం మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య చాలామంది మందు మానేస్తారు. కారణం, జుట్టు తగ్గకపోగా మరింత రాలడం. విశ్రాంతి దశలోని పాత వెంట్రుకలను కొత్తవి బయటకు నెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఇది తాత్కాలికమే. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఫలితం వచ్చింది కదా అని మానేస్తే మాత్రం కొద్ది నెలల్లోనే పరిస్థితి మొదటికి వస్తుంది. నెలనెలా ఆ ఖర్చు భరించగలమా అన్నది మొదటి సీసా కొనే ముందే ఆలోచించుకోవలసిన విషయం.

కొందరికి ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ పడక దురద, పొట్టు వస్తాయి. అటువంటివారికి నురగ రూపాన్ని సూచిస్తారు. మందు రాసుకున్న పెద్దల తల, చేతులు తగిలి పసిపిల్లల ఒంటిపై వెంట్రుకలు పెరిగిన ఉదంతాలు ఐరోపాలో నమోదయ్యాయి. ఇంట్లో పిల్లిని పెంచేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొద్దిపాటి మినాక్సిడిల్ నాకినా పిల్లి చనిపోవచ్చు.

హార్మోనుపై పనిచేసే మాత్ర

రెండో మందు ఫినాస్టెరైడ్. పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపించిన కొందరు పురుషులపై డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిన పరిశోధన 1974లో వెలువడింది. వారిలో ప్రొస్టేట్ గ్రంథి చిన్నదిగా ఉండటం, బట్టతల రాకపోవడం శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. ఆ ఎంజైమ్ పురుష హార్మోను టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే మరింత శక్తిమంతమైన రూపంలోకి మారుస్తుంది. వంశపారంపర్యంగా బట్టతల వచ్చేవారిలో కుదుళ్లను కుంచించుకుపోయేలా చేసేది ఈ డీహెచ్‌టీయే. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ 1992లో 5 మిల్లీగ్రాముల మాత్రగా ప్రొస్టేట్ వాపునకు, 1997లో ఒక మిల్లీగ్రాము మాత్రగా పురుషుల బట్టతలకు ఆమోదం పొందింది.

రెండేళ్ల ప్రయోగాల్లో ఈ మాత్ర వాడినవారిలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలబడగా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో అది 28 శాతమే. ఫలితం బాగున్నా, దుష్ఫలితాలను తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. ప్రయోగాల్లో లైంగిక వాంఛ తగ్గడం, అంగస్తంభన లోపం వంటి ఇబ్బందులు ఈ మాత్ర వాడినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతం మందికి కనిపించాయి. చాలామందికి మానేస్తే తగ్గినా, కొందరిలో మానేసిన తర్వాతా కొనసాగినట్లు ఫిర్యాదులు ఉన్నాయి. 2025 మే నెలలో ఐరోపా ఔషధ సంస్థ నిపుణుల సంఘం ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ఫలితాల్లో ఒకటిగా నిర్ధారించింది. అరుదైనదే అయినా, మానసిక కుంగుబాటు ఉన్నవారు ఈ విషయం వైద్యునికి ముందే చెప్పాలి. వాడుతుండగా మనసులో దిగులు పెరిగితే మాత్ర ఆపి వెంటనే సంప్రదించాలి.

గర్భిణులు పగిలిన ఫినాస్టెరైడ్ మాత్రను చేతితో కూడా తాకకూడదు. కడుపులోని మగశిశువు జననాంగాలు సరిగా ఏర్పడకుండా పోయే ప్రమాదం ఉంది. ఖర్చు తగ్గుతుందని 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి వాడే ఇళ్లలో ఈ హెచ్చరిక మరింత ముఖ్యం. ఈ మాత్ర వాడేవారు ఆపిన నెల రోజుల వరకు రక్తదానం చేయకూడదు. ప్రొస్టేట్ కేన్సర్‌ను పసిగట్టే పీఎస్‌ఏ పరీక్ష ఫలితాన్ని ఇది దాదాపు సగానికి తగ్గించి చూపుతుంది. నడివయసు దాటినవారు ఈ సంగతి దాస్తే, ఉన్న జబ్బు లేనట్లు కనిపించవచ్చు.

తక్కువ మోతాదు మినాక్సిడిల్

లోషన్ రాసుకోవడం విసుగనిపించినవారికి ఇటీవల మినాక్సిడిల్‌నే తక్కువ మోతాదు మాత్రగా ఇస్తున్నారు. మహిళలకు సాధారణంగా 0.25 నుంచి 1.25 మిల్లీగ్రాములు, పురుషులకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు. అయితే జుట్టు కోసం ఈ మాత్రకు అమెరికాలో అధికారిక ఆమోదం లేదు. వైద్యులు తమ విచక్షణతో రాస్తున్నదే. 2021లో వెలువడిన 1,404 మంది రోగుల అధ్యయనంలో సుమారు 15 శాతం మందికి ఒంటిపై అవాంఛిత రోమాలు పెరిగాయి. దుష్ఫలితాలతో మందు మానినవారు 1.7 శాతమే. కాళ్ల వాపు, గుండెదడ కొందరికి రావచ్చు. గుండెజబ్బు ఉన్నవారు, రక్తపోటు మందులు వాడేవారు దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగడం ప్రాణాంతకమయ్యే పొరపాటు.

మహిళల విషయంలో ఫినాస్టెరైడ్‌కు ఆమోదం లేదు. పిల్లల్ని కనే వయసులో ఉన్నవారు దాని జోలికి పోకూడదు. పాపిట వెడల్పవుతున్నవారికి లోషనే మొదటి మార్గం. నెలసరి క్రమం తప్పి, ముఖంపై రోమాలు కూడా వస్తుంటే హార్మోను పరీక్షలు చేయించుకోవాలి.

ప్రకటనల మాట

బయోటిన్ మాత్రలు లోపం ఉన్నవారికే ఉపయోగం. పైగా ఇవి థైరాయిడ్, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు బయోటిన్ వాడుతున్న సంగతి తప్పక చెప్పాలి. బట్టతలను నయం చేస్తామని, కొత్త జుట్టు మొలిపిస్తామని మందులకు చెప్పుకోవడాన్ని మన దేశ ఔషధ నిబంధనల్లోని జె షెడ్యూల్ నిషేధించింది. అయినా గోడల మీద, ఫోన్లలో అవే ప్రకటనలు! 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ పాతబస్తీలో గుండు గీసి రసాయనం రాస్తే జుట్టు వస్తుందన్న ప్రచారం నమ్మి జనం బారులు తీరారు. రాయించుకున్నవారిలో కొందరికి చర్మం దెబ్బతిన్నట్లు వార్తలు వచ్చాయి.

జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోదలచినవారు ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీలు, గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, శస్త్రచికిత్సల వివరాలు, రెండేళ్ల కిందటి ఫొటో ఒకటి వెంట తీసుకువెళ్లడం మంచిది. జుట్టు ఏ క్రమంలో పలచబడిందో వైద్యునికి ఆ ఫొటో చూస్తే తెలుస్తుంది.