కుట్టు: సూదికీ తేలుకీ ఒకే మాట

దర్జీ చొక్కా కుడతాడు. తేలు కాలి మీద కుడుతుంది. డాక్టరు గాయానికి కుట్లు వేస్తాడు. పాపాయికి చెవులు కుట్టిస్తారు. పెళ్లి భోజనాలకు విస్తళ్లు కుడతారు. పక్కింటివాళ్లు కారు కొంటే కొందరికి కన్ను కుడుతుంది. ఇన్ని పనులకూ తెలుగులో ఉన్నది ఒకటే క్రియ.

అన్ని భాషల్లోనూ ఇలా లేదు. హిందీలో బట్టలకు ‘సీనా’, గాయానికి ‘టాంకా’, తేలుకు ‘డంక్’ అని వేర్వేరు మాటలున్నాయి. తమిళంలో బట్ట కుట్టడం ‘తైయల్’, తేలు కుట్టడం ‘కొట్టు’, చెవులు కుట్టడం ‘కుత్తు’. తెలుగు మాత్రం వీటన్నిటినీ ఒకే మాటతో చెబుతుంది. ఆ పనులు జరిగే తీరును విజ్ఞానశాస్త్రం కళ్లతో చూస్తే, ఈ పోలిక పైపైది కాదని తెలుస్తుంది.

మొనలో ఉన్న బలం

కుట్టే పని ఏదైనా మొదలయ్యేది మొనతోనే. 100 గ్రాముల బరువు ఎంత ఒత్తుతుందో అంత బలంతో వేలిని బట్ట మీద ఆనించామనుకుందాం. ఆ బలం సుమారు ఒక చదరపు సెంటీమీటరు మేర పరుచుకుంటుంది కాబట్టి బట్టకు ఏమీ కాదు. అదే బలాన్ని చదరపు మిల్లీమీటరులో నూరో వంతు వైశాల్యం ఉన్న సూదిమొన మీద పెడితే, పీడనం 10,000 రెట్లు పెరుగుతుంది. అది వాతావరణ పీడనానికి సుమారు 1000 రెట్లు. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. వైశాల్యం తగ్గేకొద్దీ పీడనం పెరుగుతుంది. గ్రాము బరువైనా లేని తేనెటీగ మన చర్మాన్ని ఛేదించగలిగేది ఈ సూత్రం వల్లనే.

అయితే గుచ్చడం వేరు, కుట్టడం వేరు. కాలికి ముల్లు గుచ్చుకుంటుందంటాం గానీ కుట్టిందనం. కుట్టడమంటే చాలా సందర్భాల్లో గుచ్చి ఊరుకోవడం కాదు, లోపల ఏదో ఒకటి వదిలిపెట్టడం కూడా. సూది దారాన్ని వదులుతుంది. తేలు విషాన్ని, దోమ లాలాజలాన్ని వదులుతాయి. చెవి కుట్టినవారు పోగు వదులుతారు. ఇది నిఘంటువు గీసిన గీత కాదు, వాడుకలో కనిపించే ధోరణి.

దారం ఎలా నిలుస్తుంది?

చేతికుట్టులో దారాన్ని పట్టి ఉంచేది చివర వేసే ముడి, దారానికీ బట్టకూ మధ్య ఉండే ఘర్షణ. కుట్టుమిషను పద్ధతి వేరు. చేతి సూదికి కన్ను వెనకవైపు ఉంటే, మిషను సూదికి మొన దగ్గరే ఉంటుంది. సూది బట్ట కిందికి దిగి తిరిగి పైకి లేవడం మొదలుపెట్టగానే దారం కొద్దిగా వదులై చిన్న ఉచ్చులా ఏర్పడుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పై దారం, కింది దారం బట్ట మందంలో ఒకదానికొకటి మెలిక పడతాయి. అమెరికాకు చెందిన ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన యంత్రం కూడా ఇలా రెండు దారాలను మెలిక వేసేదే. ఇందులో ఒకచోట దారం తెగినా కుట్టంతా వెంటనే ఊడిపోదు.

బియ్యం బస్తా మూతి కుట్టు దీనికి పూర్తిగా భిన్నం. అది గొలుసుకుట్టు. ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు దూరుతూ పోతుంది. సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే మొత్తం చకచకా ఊడివస్తుంది. రెండో కొస పట్టుకుంటే ఎంత లాగినా బిగుసుకుంటుందే తప్ప ఊడదు. బస్తా తెరవలేక చివరికి కత్తి అందుకునేవారు చేసేది ఈ పొరపాటే.

దారం లేని కుట్టు కూడా ఉంది. అడ్డాకులతోనో మోదుగాకులతోనో విస్తరి కుట్టేటప్పుడు సన్నని పుల్లే సూది, అదే దారం. ఆకులోంచి దూరి మళ్లీ పైకి వచ్చిన పుల్ల వంపు వల్ల, ఘర్షణ వల్ల అక్కడే నిలిచిపోతుంది. దర్జీ పిట్ట కూడా ఇలాంటి పనే చేస్తుంది. ముక్కుతో ఆకు అంచులకు చిల్లులు పొడిచి, మొక్కల పీచునూ సాలీడు దారాన్నీ వాటిలోంచి లాగి, ఆకును సంచిలా మలిచి అందులో గూడు కడుతుంది.

ఒంటి మీద కుట్లు

గాయానికి వేసే కుట్లలో ప్రతిదానికీ విడిగా ముడి వేయడం ఎక్కువగా కనిపించే పద్ధతి. బస్తా కుట్టులా ఒక్క దారం మీదే అంతా ఆధారపడితే, అది తెగినప్పుడు గాయమంతా విచ్చుకునే ప్రమాదం ఉంది. విడి కుట్లలో ఒకటి వదులైనా మిగిలినవి నిలుస్తాయి. ఒకచోట చీము పడితే అక్కడి కుట్టు మాత్రమే విప్పవచ్చు. చర్మం అడుగునుంచి చేయి పెట్టి సూది అందుకునే వీలుండదు కాబట్టి, వైద్యుల సూది కొడవలిలా వంగి ఉంటుంది.

కరిగిపోయే కుట్లలో చాలావాటి దారాన్ని శరీరంలోని నీరే మెల్లగా ముక్కలు చేస్తుంది. కరగని వాటిని చర్మం అతుక్కున్నాక తీసేస్తారు. రక్తప్రసారం బాగా ఉండే ముఖానికి 5 రోజుల్లో, కాళ్లూ చేతులకు 10 నుంచి 14 రోజుల్లో తీయడం సాధారణం.

ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. సుశ్రుత సంహితలో కుట్లు వేసే తీరు, వంకర సూది, నార దారాల ప్రస్తావన ఉన్నాయి. పేగుకు చిల్లు పడితే అంచులు దగ్గరికి చేర్చి పెద్ద నల్లచీమల చేత పట్టించి, పట్టు బిగిశాక తల ఉంచి మొండెం తీసేయాలని అందులో ఉంది. కుట్టే చీమే అక్కడ కుట్టుగా మారిందన్నమాట.

చెవులు కుట్టించే పద్ధతీ ఆ గ్రంథంలో ఉంది. చెవి తమ్మెలో మృదులాస్థి ఉండదు, అందుకే తేలిగ్గా మానుతుంది. పోగు ఉంచితే చిల్లు లోపలి గోడ వెంట కొత్త చర్మం పెరిగి దారి శాశ్వతమవుతుంది. తొందరపడి తీసేస్తే పూడుకుపోతుంది. చెవి పైభాగంలోని మృదులాస్థికి నేరుగా రక్తనాళాలు ఉండవు. అక్కడ కుట్టించుకుంటే చీము పట్టే ప్రమాదం ఎక్కువ, మానడం ఆలస్యం.

కుట్టేవి, కరిచేవి

పాము కాటేస్తుంది, కుక్క కరుస్తుంది, తేలు కుడుతుంది. నోటితో చేసే పనికీ, తోక చివరి ముల్లుతో చేసే పనికీ తెలుగు వేర్వేరు మాటలు వాడుతుంది. దోమను ఇంగ్లీషువారు కరుస్తుందంటే మనం ఎక్కువగా కుడుతుందంటాం. దోమ నోటి తొండంలో సూదుల్లాంటి ఆరు భాగాలుంటాయి. కొన్ని చర్మాన్ని కోస్తాయి, ఒకటి లాలాజలం వదులుతుంది, ఒకటి రక్తం పీలుస్తుంది. ఇది కరవడం కన్నా కుట్టడానికే దగ్గర. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ లాలాజలంతోనే మలేరియా క్రిమి కూడా ఒంట్లోకి చేరుతుంది. మలేరియాకూ దోమకూ ఉన్న ఆ బంధం రొనాల్డ్ రాస్ కంటపడింది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న.

తేనెటీగ, కందిరీగ, కుట్టే చీమల ముల్లు నిజానికి గుడ్లు పెట్టే అవయవం మార్పు చెంది ఏర్పడింది. అందుకే వాటిలో కుట్టేవన్నీ ఆడవే. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి. అది మన చర్మంలో చిక్కి, విషపు తిత్తితో సహా ఊడివచ్చి, ఈగ వెళ్లిపోయాక కూడా విషం పంపుతూనే ఉంటుంది. కాబట్టి గోటితో గీకైనా సరే, వెంటనే తీసేయాలి.

ఒకచోట మాత్రం మన మాట తప్పుతుంది. మామిడి చెట్ల మీది ఎర్రచీమలకు ముల్లే లేదు. అవి దవడలతో కరిచి ఫార్మిక్ ఆమ్లం చల్లుతాయి. కానీ ఆ చీమలే తమ పిల్ల పురుగులు స్రవించే పట్టుతో ఆకులను అతికి గూడు కడతాయి. కుట్టాయనుకున్న చీమలు కరుస్తాయి, ఆకుల్ని మాత్రం దర్జీల్లా కలుపుతాయి.

తేలు కుట్టిన దొంగ

దొంగతనానికి వెళ్లినవాణ్ని తేలు కుడితే కిక్కురుమనలేడు. ‘తేలు కుట్టిన దొంగ’ అనే సామెత అలా పుట్టింది. నిజ జీవితంలో ఆ మౌనం ప్రాణం తీయగలదు. మన దేశంలోని ఎర్రతేలు విషం నాడీకణాల్లో సోడియం ద్వారాలను తెరిచే ఉంచుతుంది. దాంతో నాడులు అదుపు తప్పి పనిచేస్తాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె మీద భారం పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చవక మాత్ర ఈ దశలో రక్తనాళాలను సడలిస్తుందని 1980లలో చూపారు. ఆ చికిత్సతో మరణాలు బాగా తగ్గాయి. ఇప్పుడు విషానికి విరుగుడు మందు కూడా వాడుతున్నారు.

నొప్పి కుట్టినచోటే ఉంటే భయం తక్కువ. ఒళ్లంతా చెమటలు పట్టడం, వాంతులు, కాళ్లూ చేతులు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే అది అత్యవసరం. పిల్లల్లో ముప్పు మరీ ఎక్కువ, వారిని లక్షణాల కోసం ఆగకుండా తీసుకెళ్లాలి. కుట్టినచోట కోయడం, బిగించి కట్టడం, మంత్రం కోసం ఎదురుచూడటం వల్ల పోయేది విలువైన సమయమే. తేలు కుట్టినవారు దొంగలా మౌనంగా ఉండకూడదు. వెంటనే చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలి.